కన్నీళ్ళు సరే, కట్టు కట్టే చేతులేవీ?

దర్శిలో ఆ శుక్రవారం జుమా నమాజు ముగిసింది. గాజా ప్రజల కోసం చాలాసేపు దువా జరిగింది. కళ్ళు తుడుచుకుంటూ లేచినవాళ్ళు ఎందరో. బయట చెప్పులు వెతుక్కుంటున్న గుంపులోంచి ఒక యువకుడు మా దగ్గరికి వచ్చాడు. డిగ్రీ పూర్తయి రెండేళ్ళయింది. బస్టాండు దగ్గర సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనిచేస్తున్నాడు. "చాచా, యుద్ధం జరుగుతున్న ఊరికి వెళ్ళి సేవ చేయాలంటే ఎవరిని అడగాలి? పది రోజులకు కాదు. ఏడాదో, రెండేళ్ళో అక్కడే ఉంటాను" అన్నాడు.

మేము నోరు తెరిచేలోగా చుట్టూ ఉన్న పెద్దలే జవాబిచ్చారు. ఒకరు, "మెల్లగా మాట్లాడు, ఎవరైనా వింటే లేనిపోని తలనొప్పి" అన్నారు. మరొకరు, "మొన్న చందా ఇచ్చాంగా, మన వంతు అయిపోయింది" అన్నారు. మూడోవారు నవ్వి, "ముందు మీ వీధికి నీళ్ళొస్తున్నాయో లేదో చూసుకోరా బాబూ" అన్నారు. అబ్బాయి తలవంచుకుని వెళ్ళిపోయాడు. మేము మాత్రం ఏమీ అనలేదు. ఆనాటి మౌనానికి ఈనాటికీ సిగ్గుపడుతున్నాం. ఆ మూడు జవాబులూ దర్శికే పరిమితం కావు. పొదిలిలో, కనిగిరిలో, మార్కాపురంలో, గిద్దలూరులో, కంభంలో మన ఇళ్ళలో రోజూ వినిపించేవే. కాబట్టి వాటిని ఒక్కొక్కటిగా ఎదుర్కోక తప్పదు.

మొదటి జవాబు భయం. దూరదేశంలో గాయపడిన మనిషి కోసం బాధపడితే దేశభక్తి తరిగిపోతుందని ఈ కాలంలో ఎవరో కొలబద్ద తయారుచేశారు. ఇతరులు దానితో మనల్ని కొలవడం ఒక అన్యాయం. మన పెద్దలే ఆ కొలబద్దను చేతపట్టుకుని మన పిల్లలను కొలవడం అంతకంటే పెద్ద అన్యాయం. ఈ దేశ చరిత్ర తెలిసినవాడెవడూ ఆ కొలబద్దను ఒప్పుకోడు.

1912 అక్టోబరులో బాల్కన్ యుద్ధం మొదలైంది. గాయపడిన తుర్కీ సైనికులతో ఇస్తాంబుల్ ఆసుపత్రులు నిండిపోయాయి. ఆ డిసెంబరులోనే డాక్టర్ ముఖ్తార్ అహ్మద్ అన్సారీ నాయకత్వంలో ఒక భారతీయ వైద్య బృందం బొంబాయిలో ఓడ ఎక్కింది. అన్సారీ ఎవరో మన పిల్లలకు బడిలో చెప్పరు, ఇంట్లో మనమూ చెప్పం. ఆయన జన్మస్థలం ఉత్తరాదిలోని గాజీపూర్ ప్రాంతం. వైద్యవిద్య చదివింది మద్రాసులో. అప్పటికి మన దర్శి కూడా మద్రాసు రాజధానిలో నెల్లూరు జిల్లా ఊరే. ఆపైన లండన్ వెళ్ళి అక్కడి ఆసుపత్రులలో శస్త్రవైద్యుడిగా పేరు తెచ్చుకున్నారు. ఆ బృందం ఖర్చుల కోసం మౌలానా ముహమ్మద్ అలీ తన 'కామ్రేడ్' పత్రికలో పిలుపునిచ్చారు, దేశమంతటి నుంచి చందాలు వచ్చాయి. అన్సారీ అక్కడినుంచి రాసిన లేఖలు అదే పత్రికలో అచ్చయ్యేవి. పైసా ఇచ్చినవాడు ఆ పైసాతో ఏం జరుగుతోందో చదివి తెలుసుకోగలిగాడు. ఈ సంగతి గుర్తుంచుకోండి, చందాల దగ్గర మళ్ళీ దీని ప్రస్తావన వస్తుంది.

1913 జూలైలో బృందం తిరిగి వచ్చింది. తుర్కీ సైనికుడి గాయం కడిగిన ఆ డాక్టరును ఈ దేశం ద్రోహి అనలేదు. 1927లో మద్రాసులో జరిగిన కాంగ్రెసు మహాసభకు అధ్యక్షుడిగా కూర్చోబెట్టింది. జామియా మిల్లియా ఇస్లామియాను నిలబెట్టినవారిలో ఆయన ఒకరు. దూరపు గాయాన్ని చూసిన కన్ను ఇంటి గాయాన్ని చూడలేదనే మాట అన్సారీ జీవితం ముందు నిలవదు.

గాజా సంగతికే వద్దాం. 1956 నుంచి 1967 వరకు ఐక్యరాజ్యసమితి శాంతిదళంలో భాగంగా భారత సైనికులు అదే గాజాలో కాపలా కాశారు. 1967 జూన్ యుద్ధంలో మన జవాన్లలో కొందరు అక్కడే ప్రాణాలు విడిచారు. 1988లో పాలస్తీనాను దేశంగా గుర్తించినది భారత ప్రభుత్వమే. 2024 మే 13న రఫాలో ఐక్యరాజ్యసమితి వాహనంపై జరిగిన దాడిలో మరణించినది మన సైన్యం నుంచి పదవీ విరమణ చేసి అక్కడ విధులు నిర్వహిస్తున్న అధికారి. ఆయన ముస్లిం కాదు. గాజా గడ్డ మీద భారతీయులు చిందించిన రక్తానికి ఇంత చరిత్ర ఉండగా, దర్శి కుర్రవాడొకడు అక్కడివారికి సేవ చేస్తానంటే గొంతు తగ్గించమని చెప్పడం ఏ న్యాయం?

భయపెట్టేవాళ్ళకు ఈ జవాబు చాలు. ఇక మనవైపు చూసుకుందాం, ఎందుకంటే మన లోటు చిన్నది కాదు.

ఆ కుర్రవాడు అన్న ఒక్క మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు. 'అక్కడే ఉంటాను' అన్నాడు. ఇస్తాంబుల్ వెళ్ళిన బృందంలో అలీగఢ్‌లో చదువుతున్న పెషావర్ యువకుడొకడు ఉన్నాడు, పేరు అబ్దుర్రహ్మాన్. చదువు మధ్యలో వదిలి, తన వస్తువులు అమ్ముకుని ప్రయాణపు ఖర్చు పెట్టుకున్నాడని చెబుతారు. అతడు డాక్టరు కాడు. ఆ బృందంలో చాలామంది డాక్టర్లు కారు. గాయాలకు కట్లు కట్టడం, రోగులను మోయడం, మందులు అందించడం వారి పని. బృందం తిరిగి వచ్చినా అబ్దుర్రహ్మాన్ రాలేదు. ఆ భాష నేర్చుకున్నాడు, ఆ నగరపు మనిషయ్యాడు, తరువాత అక్కడి వార్తాసంస్థలో పనిచేశాడు, కొత్త తుర్కీ ప్రభుత్వపు దూతగా కాబూల్ వెళ్ళాడు. 1925లో ఇస్తాంబుల్ వీధిలో తుపాకి గుండుకు బలయ్యాడు. మధ్యలో ఆ దేశ సైన్యంలో కూడా చేరాడు. అది ఆయన ఎంచుకున్న దారి, ఆ కాలపు దారి. మేము ఆ దారి గురించి వాదించడం లేదు. మా వాదన ఆసుపత్రి గది దాటి ఒక్క అడుగు కూడా ముందుకు వెళ్ళదు. దీన్ని ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది, కొంచెం ఆగి చెబుతాం.

1938లో చైనాకు వెళ్ళిన ఐదుగురు భారతీయ వైద్యులలో షోలాపూర్‌కు చెందిన ద్వారకానాథ్ కోట్నీస్ తిరిగి రాలేదు. చైనా భాష నేర్చుకుని, అక్కడి ఆసుపత్రి బాధ్యత మోసి, 1942 డిసెంబరులో ముప్పై రెండేళ్ళ వయసులో అక్కడే కన్నుమూశారు. సర్కారు లెక్కలో ఆయన విదేశీయుడు. ఆయన శస్త్రచికిత్స బల్ల మీద పడుకున్నవాడికి మాత్రం ఆ లెక్కతో పనిలేకపోయింది.

యుద్ధంలో ఉన్న నగరంలో విదేశీయుడికీ అక్కడ పుట్టినవాడికీ ఉన్న తేడా ఏమిటో మనం తెలుగువాళ్ళం బాగా ఎరుగుదుం. 1990లో ఇరాక్ సేనలు కువైట్‌లో ప్రవేశించినప్పుడు మన ప్రభుత్వం లక్షన్నరకు పైగా భారతీయులను విమానాలలో వెనక్కి తెచ్చింది. వారిలో మన జిల్లాలవాళ్ళూ ఉన్నారు. 2015లో యెమెన్ నుంచి, 2022లో ఉక్రెయిన్ నుంచి, 2023లో సూడాన్ నుంచి కూడా మనవాళ్ళు వచ్చారు. లిబియాలోని సిర్తే నగరంలో పాఠాలు చెబుతున్న ఇద్దరు తెలుగు అధ్యాపకులు 2015 జూలైలో అపహరణకు గురై, ఏడాదికి పైగా బందీలుగా ఉండి 2016 సెప్టెంబరులో విడుదలయ్యారు. తిరిగి వచ్చిన ప్రతి ఒక్కరినీ చూసి సంతోషించాం, సంతోషించాలి కూడా. కానీ విమానం తలుపు మూసుకున్నప్పుడు ఆ నగరంలో మిగిలిపోయినవాళ్ళ కథ మనం ఎప్పుడైనా అడిగామా? కువైట్‌లో ఇంటి పక్కనున్న పాలస్తీనా కుటుంబానికి ఏ విమానం వచ్చింది?

విదేశీయుడి చేతిలో పాస్‌పోర్టు ఉంటుంది. పాస్‌పోర్టు అంటే ఎప్పుడైనా వెళ్ళిపోగల హక్కు. ఆ హక్కు జేబులో పెట్టుకుని కూడా వెళ్ళకుండా ఉండటమే దీర్ఘకాల సేవలోని బరువు. వారం రోజులు వెళ్ళి, శిథిలాల ముందు ఫోటో దిగి, తిరిగి వచ్చి సన్మానం చేయించుకునేవాడికి ఆ బరువు తెలియదు. అలాంటివాడు అక్కడివాళ్ళకు సాయం కాదు, అదనపు భారం. అతడికి నీళ్ళు ఎవరు ఇవ్వాలి? పడక ఎవరు చూడాలి? మాట ఎవరు తర్జుమా చేయాలి? ఆకలితో ఉన్న మేజ్‌బాన్ తన ముద్ద తీసి మెహమాన్‌కు పెడతాడు. అది వాళ్ళ మర్యాద. ఆ ముద్ద తిని రావడానికి మనం వెళ్ళనక్కరలేదు.

ఇంకో చేదు నిజం. 2024 ఏప్రిల్ 1న గాజాలో ఆహారం పంచుతున్న వరల్డ్ సెంట్రల్ కిచెన్ సంస్థ వాహనాలపై దాడి జరిగి ఏడుగురు చనిపోయారు. ఆరుగురు విదేశీయులు, ఒకరు పాలస్తీనా వ్యక్తి. ప్రపంచమంతా కదిలింది. అదే యుద్ధంలో ఐక్యరాజ్యసమితి శరణార్థి సంస్థలో పనిచేసే స్థానిక ఉద్యోగులు రెండు వందలకు పైగా చనిపోతే వాళ్ళు అంకెగా మిగిలారు. విదేశీయుడి మరణం వార్త, స్థానికుడి మరణం లెక్క. సేవకు వెళ్ళేవాడు ఈ అన్యాయాన్ని తెలుసుకుని వెళ్ళాలి. తన ప్రాణానికి ఎక్కువ వెల కట్టే లోకంలో, ఆ వెలను తన పక్కనున్నవాడి రక్షణకు ఎలా వాడగలనా అని ఆలోచించాలి.

ఆ పని చేసి చూపిన మనిషి ఉన్నారు. డాక్టర్ ఆంగ్ స్వీ చాయ్ సింగపూర్‌కు చెందిన ఎముకల శస్త్రవైద్యురాలు, క్రైస్తవురాలు. ఇజ్రాయెల్‌ను అభిమానించే వాతావరణంలో పెరిగారు. 1982లో బీరుట్‌కు సర్జన్లు కావాలన్న పిలుపు విని లండన్ నుంచి వెళ్ళారు. సబ్రా శిబిరంలో గాజా ఆసుపత్రి అనే పేరుగల ఆసుపత్రిలో పనిచేస్తుండగా, ఆ సెప్టెంబరులో సబ్రా, షతిలా శిబిరాలలో ఊచకోత జరిగింది. విదేశీ వైద్య సిబ్బందిని సాయుధులు బయటికి నడిపించుకుపోయారు. ఆమె బతికారు. బతికినందుకు ఇంటికి వెళ్ళి మౌనంగా కూర్చోలేదు. జెరూసలేం వెళ్ళి విచారణ సంఘం ముందు తాను చూసినది సాక్ష్యంగా చెప్పారు. తరువాత పాలస్తీనీయుల వైద్యసహాయానికి ఒక సంస్థను స్థాపించినవారిలో ఒకరయ్యారు, ఆ శిబిరాలకు మళ్ళీ మళ్ళీ వెళ్ళారు. విదేశీయురాలు కావడం వల్ల దక్కిన ప్రాణాన్ని, విదేశీయురాలు కావడం వల్ల దక్కిన గొంతును ఆమె ఎక్కడ ఖర్చుపెట్టారో చూడండి. మనవాళ్ళెందరికి ఈమె పేరు తెలుసు?

ఇక రెండవ జవాబు, చందా. చందా ఇవ్వడం తప్పు కాదు, ఇవ్వాలి. కానీ చందా పెట్టెలో నోటు వేసి చేతులు దులుపుకోవడం, సెల్‌ఫోనులో స్టేటస్ పెట్టి గుండె తేలికపరుచుకోవడం మనకు అలవాటైపోయింది. గత కొన్నేళ్ళలో మన పట్టణాలలో దూరదేశాల బాధితుల పేరుతో ఎన్నిసార్లు దస్తీలు పరిచాం? వసూలైనది ఎంత, ఎవరి చేతికి ఇచ్చాం, రసీదు ఏది? ఈ ప్రశ్న అడిగినవాడిని ఈమాన్ తక్కువవాడిలా చూస్తాం. నూరేళ్ళ క్రితం ఓడలో ఉత్తరాలు వచ్చే రోజుల్లో చందాదారులకు సమాచారం చేరింది. చేతిలో సెల్‌ఫోను ఉన్న మనకు లెక్క చేరదు! అమానత్ అనే మాట ఖుత్బాలో వింటే తల ఊపుతాం, చందా పుస్తకం దగ్గర మరిచిపోతాం. విదేశాలకు డబ్బు పంపడానికి చట్టం ఉంది, బ్యాంకు దారి ఉంది. ఆ దారిలో పంపని ప్రతి రూపాయీ బాధితుడికి చేరదేమోనన్నది ఒక భయమైతే, మన పిల్లల మెడకు కేసుగా చుట్టుకుంటుందేమోనన్నది మరో భయం.

సూడాన్ మాట కూడా అడుగుతాం, కోపగించుకోకండి. 2023 ఏప్రిల్ నుంచి అక్కడ రెండు సాయుధ బలగాలు నగరాలకు నగరాలనే తగలబెడుతున్నాయి. చంపుతున్నదీ ముస్లింలే, చస్తున్నదీ ముస్లింలే. ఖార్తూమ్ వీధులలో ప్రభుత్వం లేనిచోట ఇరుగుపొరుగు యువకులే గుంపుకట్టి వంటశాలలు నడిపి వేలమందికి గంజి పోశారు. ఎన్ని శుక్రవారాలు వాళ్ళ కోసం చేతులెత్తాం? శత్రువు ఎవరో చూసి ఏడ్చే కన్నీరు సేవకు పనికిరాదు. గాయం ఎవరిదని అడిగేవాడు ఆసుపత్రి గుమ్మం తొక్కకూడదు.

అసలు విషయానికి వద్దాం. ఆ కుర్రవాడిని రేపే ఎవరైనా పిలిచారనుకుందాం. వెళ్ళి ఏం చేస్తాడు?

గాజాలోకి ఎవరు రావాలో గాజావాళ్ళు నిర్ణయించలేరు. పేరుమోసిన సర్జన్లకే సరిహద్దు దగ్గర అనుమతి నిరాకరించిన సందర్భాలున్నాయి. యుద్ధ ప్రాంతాలలో పనిచేసే మెడిసిన్స్ సాన్స్ ఫ్రాంటియర్స్ వంటి సంస్థలు మంచి మనసు ఒక్కటి చూసి ఎవరినీ పంపవు. వృత్తిలో శిక్షణ, కనీసం రెండేళ్ళ అనుభవం, నెలల తరబడి ఉండగల వీలు, భాష అడుగుతాయి. అడగడం న్యాయమే. గాయపడినవాడి మీద పని నేర్చుకునే హక్కు మనకు ఎవరిచ్చారు?

మరి శిక్షణ పొందినవాళ్ళు మనలో ఎందరు? ఇక్కడే మా కోపమంతా. పశ్చిమ ప్రకాశంలో మన ఆడపిల్లలు పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుంటున్నారు. ఇంటర్ దాటిన తరువాత నర్సింగు చదువుతానంటే ఇంట్లో ఏమంటున్నాం? "రాత్రి డ్యూటీలు, మగ రోగులు, మనకొద్దు, సంబంధాలు రావు." అదే తండ్రి గాజాలో నర్సు ఒకామె టార్చి వెలుగులో కాన్పు చేస్తున్న వీడియో చూసి "మాషా అల్లాహ్, ఎంత ధైర్యం!" అని పదిమందికి పంపుతాడు. ఆమె కూడా ఒక తండ్రి కూతురే. ఆ తండ్రి ఆమెను చదివించాడు కాబట్టే నువ్వు వీడియో చూస్తున్నావు. తొలి ముస్లిం సమాజంలో రుఫైదా అల్-అస్లమియా గుడారం వేసి క్షతగాత్రులకు చికిత్స చేశారని వాజ్‌లలో చెప్పే మనం, మన రుఫైదాను మాత్రం ఇంటర్‌తో ఆపేస్తున్నాం.

2007 చట్టంతో వచ్చిన బీసీ-ఇ నాలుగు శాతం రిజర్వేషన్, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో ఇప్పటికీ నిలిచి ఉంది. దూదేకుల, నూర్‌బాషా సోదరులకు బీసీ-బి ఉంది. ఆ రిజర్వేషన్ కోసం ధర్నాలు చేశాం, దాని మీద చెయ్యి వేస్తామంటే మళ్ళీ చేస్తాం. కానీ ఆ సీట్లలో కూర్చోవలసిన ఆడపిల్లకు ఇంట్లోనే గడప దాటనివ్వకపోతే ఎవరి మీద ధర్నా చేయాలి?

భాష సంగతి చూడండి. మన మక్తబ్‌లలో పిల్లలు ఐదేళ్ళకే అరబీ అక్షరాలు నేర్చుకుంటారు. తజ్వీద్‌తో అందంగా చదువుతారు. అదే అరబీలో గాయపడిన పిల్లవాడిని 'నొప్పి ఎక్కడ?' అని అడగమంటే ఒక్కరూ అడగలేరు. తిలావత్‌ను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. దాని పక్కన రోజుకు అరగంట మాట్లాడే అరబీ నేర్పితే ఎవరి ఈమాన్ తగ్గిపోతుంది? గల్ఫ్‌లో పదేళ్ళు డ్రైవరుగా చేసి వచ్చిన మన చాచాలకు ఆ భాష నోటికి వచ్చు. వాళ్ళే ఉస్తాదులు.

చదువుకున్నవాళ్ళకే ఈ పని అనుకోవద్దు. యుద్ధంలో నగరం చచ్చిపోయేది బాంబుతో మాత్రమే కాదు, పంపు ఆగిపోయినప్పుడు, మురుగు తాగునీటిలో కలిసినప్పుడు చచ్చిపోతుంది. విపత్తులో మనిషికి రోజుకు కనీసం 15 లీటర్ల నీరు కావాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది. బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడిన మన పడమటి పల్లెల ఆడవాళ్ళకు ఆ పదిహేను లీటర్ల అర్థం ఎవరూ చెప్పనక్కరలేదు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్ళు తాగి నడుములు వంగిన మనుషులను చూస్తూ పెరిగాం. బోరు మోటారు పైకి లాగి, వైండింగు చుట్టి, సాయంత్రానికి నీళ్ళు తెప్పించే మెకానిక్కులు మన వీధుల్లోనే ఉన్నారు. వాళ్ళను మనం పనివాళ్ళుగా చూస్తాం. కూలిన నగరానికి కావలసిన ఇంజనీరు వాడే. జైపూర్ కాలు సంగతి తెలుసుగా! డాక్టర్ పి.కె. సేఠీతో కలిసి దాన్ని రూపొందించిన రామచంద్ర శర్మ పెద్ద చదువులు లేని శిల్పి. ఆయన చేతిపని అఫ్ఘానిస్తాన్‌లో మందుపాతరలకు కాళ్ళు పోగొట్టుకున్నవాళ్ళను నడిపించింది. మార్కాపురం పలకను పగలకుండా పొరలుగా చీల్చే చేతికి ఆ పని నేర్పితే రాదా?

మూడవ జవాబు ఇక్కడికి వచ్చేసరికి దానంతటదే కూలిపోతుంది. ఇల్లు చక్కబెట్టుకున్నాక ఊరికి పొమ్మంటారు. సరే, ఇల్లు చక్కబెట్టడానికి కావలసింది ఎవరు? నర్సు, పంపు మెకానిక్కు, ఫిజియోథెరపిస్టు, లెక్కలు దాచని కమిటీ. యుద్ధనగరానికి పంపడానికి తయారుచేసే మనిషే ముందు మన వీధికి పనికొస్తాడు. రెండేళ్ళ అనుభవం ఎక్కడ సంపాదిస్తాడు? ఒంగోలులోనో, మార్కాపురంలోనో, మన మండల ఆసుపత్రిలోనో. వెలిగొండ నీళ్ళ కోసం ఎదురుచూస్తూ ముసలైపోయిన రైతుకు సెలైను పెట్టి నేర్చుకున్న చెయ్యే రేపు మరో దేశంలో వణకకుండా పనిచేస్తుంది. చివరికి ఏ సరిహద్దూ అతడిని లోపలికి రానివ్వకపోయినా ఆ చెయ్యి వృథా కాదు. ఇల్లా, లోకమా అని తేల్చుకోమనేవాళ్ళు నిజానికి రెండింటికీ ఏమీ చేయనివాళ్ళు. వీధి కుళాయి కోసం వినతిపత్రం పట్టుకుని వెళ్ళినప్పుడు కూడా వాళ్ళు మా వెంట రాలేదు.

కొంచెం ఆగి చెబుతామన్న మాట ఇప్పుడు చెబుతాం. తల్లిదండ్రులు శ్రద్ధగా చదవాలి. సేవ చేయాలన్న పిల్లల తపనను వలగా వాడుకునేవాళ్ళున్నారు. పదేళ్ళ క్రితం సిరియా, ఇరాక్ పేరు చెప్పి అనాథల సేవ, ఆసుపత్రి సేవ అంటూ ఫోనుల్లో తీపి మాటలు చెప్పి, ఎన్నో దేశాల యువకులను హంతక ముఠాలలో కలిపేశారు. వాళ్ళు చంపినవారిలో ముస్లింలే అధికం. లిబియాలో ఉద్యోగం చేస్తున్న ఒక తెలుగు డాక్టరునే బందీగా పట్టుకుని తమ ఆసుపత్రులలో బలవంతంగా పనిచేయించారు. కాబట్టి గుర్తు పెట్టుకోండి. చాటుగా రమ్మనేది సేవ కాదు. ఇంట్లో చెప్పవద్దనేది సేవ కాదు. ఏ నైపుణ్యమూ అడగకుండా టిక్కెట్టు ఇస్తాననేది అసలే కాదు. నిజమైన సంస్థ నిన్ను కాగితాలతో విసిగిస్తుంది. సర్టిఫికెట్లు అడుగుతుంది, ఇంటర్వ్యూ చేస్తుంది, చాలాసార్లు తిరస్కరిస్తుంది. మన పిల్లవాడు తన కోరికను మనతో గట్టిగా చెప్పగలిగినంతకాలం ఏ వలకూ చిక్కడు. గొంతు తగ్గించమని మనం చెప్పిన రోజున వాడు ఫోనులోని అపరిచితుడితో మాట్లాడటం మొదలుపెడతాడు. ఆ పాపంలో మన వాటా ఉంటుంది.

కాబట్టి ఈ రంజాన్‌కు ముందే ప్రతి మస్జిద్ కమిటీనీ కొన్ని మాటలు అడగదలిచాం. వసూలైన ప్రతి చందాకూ లెక్క రాసి గోడకు అతికించండి. ఏటా ఇద్దరు పిల్లల నర్సింగు లేదా పారామెడికల్ చదువుకు ఫీజు మీరు కట్టండి. పేద విద్యార్థికి జకాత్ ఎలా చెల్లుతుందో మీ ఆలిమ్‌లను అడిగి తెలుసుకోండి. ఆ ఇద్దరిలో ఒక ఆడపిల్ల ఉండాలి. మాట్లాడే అరబీ తరగతికి ఒక గది ఇవ్వండి. ఇవి చేయలేమంటే, దువా తరువాత మైకులో యువతను రెచ్చగొట్టే ప్రసంగాలైనా మానండి.

దర్శి కుర్రవాడిని మేము మళ్ళీ వెతుక్కుంటూ వెళ్ళాం. ఆ రోజు మాట్లాడనందుకు మన్నించమని అడిగాం. అతడు ఇబ్బందిపడి టీ తెప్పించాడు. మాటల్లో, 2021లో కొవిడ్ ఉద్ధృతంగా ఉన్నప్పుడు చందాలు వేసుకుని మన మస్జిద్‌కు కొన్న ఆక్సిజన్ కాన్సన్‌ట్రేటర్ ప్రస్తావన వచ్చింది. ఆ రెండు నెలలు అది కులమతాలు చూడకుండా ఎన్నో ఇళ్ళకు తిరిగింది. ఆపైన చాపల గదిలో దుమ్ము కొట్టుకుపోయి ఉంది. "చూస్తాను, ఇప్పించండి" అన్నాడు.

నాలుగు రోజులకు ఫోను చేశాడు. మోటారు బాగానే ఉందట. గాలిలోని నత్రజనిని పట్టి ఉంచే జియోలైట్ పూసలు లోపల ఉంటాయట, వాడకుండా వదిలేయడం వల్ల అవి చెమ్మ పీల్చుకుని పాడైపోయాయట. అందుకే గాలి వస్తోంది గాని ఆక్సిజన్ శాతం రావడం లేదట. ఆ పూసల గొట్టాలు మార్చాలి. ధర కనుక్కుంటున్నానన్నాడు. ఇలాంటి యంత్రాలు బాగుచేయడం నేర్పే చదువు ఎక్కడుందని కూడా అడిగాడు. పక్కనుంచి వాళ్ళ అమ్మీ ఫోను తీసుకుని, చెల్లెలికి ఇంటర్‌లో మంచి మార్కులు వచ్చాయని, నర్సింగుకు ఎప్పుడు దరఖాస్తు పెట్టాలో చెప్పమని అడిగింది. వివరాలు కనుక్కుని శుక్రవారం వస్తామన్నాం.